పాత డబుల్ రీడ్ హార్మోనియం కొనబోయేవారికి హెచ్చరిక: లోపల చూపించని పెట్టెకు అడ్వాన్సు ఇవ్వకండి

సింగిల్ రీడ్ పెట్టె (ఒక్కో మెట్టుకు, అంటే కీకి, ఒకే రీడు, అంటే గాలికి కంపించి పలికే ఇత్తడి నాలుక, ఉండేది) మీద సరళీ స్వరాలు, జంట స్వరాలు సాధన చేసి, ఇక మెట్టుకు రెండు రీడ్లుండే డబుల్ రీడ్ పెట్టె కొనుక్కుందామని డబ్బు కూడబెట్టుకుంటున్నవారు మన గోదావరి జిల్లాల్లో చాలామంది ఉన్నారు. పోయిన వర్షాకాలంలో నాకు జరిగిన నష్టం వారికి జరగకూడదని ఇది రాస్తున్నాను.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మూడేళ్ల కిందట రూ.7,000 పెట్టి కొన్న సింగిల్ రీడ్ పెట్టె నేర్చుకోవడానికి సరిపోయింది గానీ, రామాలయం భజనలో మృదంగం, తాళాలు, పదిమంది గొంతులు కలిసేసరికి దాని శబ్దం నాకే వినపడేది కాదు. నెలకు వెయ్యి చొప్పున దాచుకున్న రూ.18,000కు నచ్చిన కొత్త పెట్టె దొరకక, ఫోనులో ఒక అమ్మకం ప్రకటన చూశాను. జర్మన్ రీడ్లు, టేకు చెక్క, కప్లర్ (ఒక మెట్టు నొక్కితే మరో స్థాయిలోని అదే స్వరం కూడా పలికే ఏర్పాటు), తొమ్మిది స్టాపర్లు (రీడ్ల వరుసలకు గాలి వదలడానికి, ఆపడానికి లాగే పిడులు), ధర రూ.17,500 అని ఉంది. అమ్మే అతను పంపిన వీడియోలో మోహన రాగం ఎంతో కమ్మగా పలికింది. వాయించినది మధ్య స్థాయిలో మాత్రమేనని, ఒకే స్టాపర్ లాగి ఉందని గమనించకుండా రూ.5,000 అడ్వాన్సు పంపేశాను. తీరా వెళ్లి, లోపల ఒకసారి చూపించమంటే, విప్పితే శ్రుతి చెదిరిపోతుందన్నాడు. అడ్వాన్సు ఇచ్చేసినవాణ్ణి కావడంతో గట్టిగా అడగలేకపోయాను.

ఆ మాట నిజం కాదు. శ్రుతి ఉండేది ఇత్తడి రీడు నాలుకలో. పైమూత తీసినా, జాగ్రత్తగా రీడ్ బోర్డు ఎత్తినా అది మారదు. కాళ్లతో తొక్కి వాయించే ఐరోపా హార్మోనియాన్ని 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి వేసి వాయించేలా మార్చినప్పుడే, విప్పి బాగుచేసుకోవడానికి కూడా తేలిక చేశారు.

ఇంటికి తెచ్చిన సాయంత్రమే మంద్ర స్థాయిలో పంచమం పట్టుకుంటే రెండు రీడ్లూ ఒకదానితో ఒకటి కలవక స్వరం వణికింది. నా పాత పెట్టెకు ఒకసారి తిత్తి వేస్తే షడ్జం ఇరవై లెక్కపెట్టేవరకు నిలిచేది. ఇందులో ఏడుకే ఆగిపోయింది. నాలుగు రోజులు ముసురు పట్టేసరికి మూడు మెట్లు నొక్కినవి నొక్కినట్టే ఉండిపోయాయి.

రాజమహేంద్రవరంలో పెట్టెలు బాగుచేసే పెద్దాయన దగ్గరకు తీసుకువెళ్తే, ఆయన రీడ్ బోర్డు ఎత్తి వెలుతురుకు పెట్టి చూపించారు. రీడు కొసన గీస్తే శ్రుతి పెరుగుతుంది, మొదట్లో గీస్తే తగ్గుతుంది. ఇందులో తొమ్మిది రీడ్లకు రెండు చోట్లా ఆకురాయి గీతలు ఉన్నాయి, ఒక నాలుకైతే కాగితంలా పలచబడి వేలు తగిలితేనే వంగుతోంది. అంతగా అరిగిన రీడు మళ్లీ శ్రుతి చేసే లోపే విరిగిపోవచ్చని ఆయన చెప్పారు. ఖర్జ్ (మంద్రంగా పలికే రీడ్ల) వరుసలో రెండు రీడ్లు పలకకుండా కాగితం అతికించారు. రెండు స్టాపర్లు అలంకారానికే, వాటి వెనుక ఏమీ లేదు. టేకు అన్నది ప్లైవుడ్ మీద అంటించిన పలచని పొర. మన తడి గాలికి అంచులు అప్పుడే ఉబ్బాయి. బాగుచేయడానికి రూ.9,000 అవుతుందన్నారు.

అందువల్ల మీరు వెళ్లినప్పుడు ఒక్క స్టాపరే లాగి ఎడమ చివరి మెట్టు నుంచి కుడి చివరి మెట్టు దాకా ఒక్కొక్కటీ వినండి, దాన్ని మూసి రెండో వరుసనూ అలాగే వినండి, ఆ తరువాతే రెండూ కలిపి వాయించండి. మెట్ల కింద గాలిరంధ్రాలు మూసే తోలు ఎండిపోయిందేమో, స్ప్రింగులు తుప్పు పట్టాయేమో చూడండి. నా అభిప్రాయంలో డబ్బు తక్కువగా ఉన్నవారు స్కేల్ ఛేంజర్ (మెట్ల వరుసను జరిపి శ్రుతి మార్చే ఏర్పాటు), కప్లర్ వదులుకుని ఆ డబ్బును మంచి రీడ్లకే పెట్టాలి. మీ మాస్టారినో, మీకన్నా ఎక్కువకాలం వాయించిన ఒకరినో వెంట తీసుకువెళ్లండి. ఆ పని నేను చేయలేదు.

ఎంతో బతిమాలితే అమ్మినతను రూ.4,000 కోసుకుని పెట్టె వెనక్కి తీసుకున్నాడు. వారం తిరగకుండానే అదే వీడియోతో, రూ.16,500 ధరతో మళ్లీ ప్రకటన వచ్చింది. ముదురు ఎరుపు పాలిష్, ఎడమ నుంచి మూడో నల్ల మెట్టు అంచున తెల్లటి పెచ్చు, తిత్తి కుడి మూలన నల్ల రెక్సిన్ అతుకు, ఇవీ ఆ పెట్టె గుర్తులు.