గుల్మార్గ్‌లో స్కీ అద్దె షాపు: బూట్లకు ఐదుకి ఐదు, హెల్మెట్‌కి మూడు

మాది హన్మకొండ చౌరస్తాలో చెప్పుల షాపు. పొద్దస్తమానం జనం పాదాలు చూసే వాణ్ణి కాబట్టి ఈ రివ్యూలో మంచు కొండల కన్నా బూట్ల ముచ్చటే ఎక్కువ ఉంటుంది. గుల్మార్గ్ ఫోటోలు ఎట్లాగూ అందరూ పెడుతున్నారు.

ఫిబ్రవరిలో నలుగురం కాశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్ళాం. నేను, మా బామ్మర్ది, కాజీపేట రైల్వేలో పనిచేసే దోస్తు, డిగ్రీ కాలేజీ లెక్చరర్ సార్. బామ్మర్దికి స్కీయింగ్, అంటే కాళ్ళకు పొడవాటి పలకలు (స్కీలు) తగిలించుకుని మంచు మీద జారడం, కొత్త. మిగతా ముగ్గురం గొప్పగా ఏం చేయం గానీ, పడకుండా కిందికి దిగుతాం. గుల్మార్గ్‌కి కింద ఉండే టంగ్‌మార్గ్ ఊళ్ళో బండి దిగగానే కోట్లు, రబ్బరు బూట్లు అద్దెకిచ్చేవాళ్ళు చుట్టుముడతారు. స్కీ చేసేవాళ్ళకు ఆ రబ్బరు బూట్లతో పనే లేదు, ఆగకుండా పైకి వెళ్ళిపోండి.

గుల్మార్గ్‌లో మొదట అడుగుపెట్టిన షాపులో నంబరు అడిగి, అటక మీంచి నాలుగు జతలు తీసి మా ముందు పడేశాడు. దోస్తుకి వదులుగా ఉన్నాయంటే ఇంకో జత సాక్స్ వేసుకొమ్మన్నాడు. అక్కడే నాకు మండింది. రెండు సాక్స్ వేసి బకిల్స్ బిగిస్తే కాలికి రక్తం సరిగ్గా ఆడదు, వెచ్చదనం మాట అటుంచి వేళ్ళు ఇంకా చల్లబడతాయి. పల్చటి ఉన్ని సాక్స్ ఒక్క జత చాలు. దండం పెట్టి బయటికొచ్చాం.

రెండో షాపు చాలా చిన్నది. బోర్డు సగం మంచులో కూరుకుపోయింది, అందుకే పేరు రాయలేకపోతున్నా. లోపల ఫెరన్ (కాశ్మీరీల పొడవాటి వదులు చొక్కా) వేసుకున్న పెద్దాయన మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టి ముందు పాదం కొలిచాడు. స్కీ బూటు సైజు సెంటీమీటర్లలో ఉంటుంది. మన ఎనిమిది నంబరు కాలికి దాదాపు 27. కొలతతో సరిపెట్టుకోలేదాయన. బూటు లోపలి మెత్తటి పొరను బయటికి లాగి, ఖాళీ డొప్పలో కాలు పెట్టించాడు. వేళ్ళు ముందుకు తగిలేలా జరపమని, మడమ వెనక తన వేళ్ళు దూర్చి చూశాడు. రెండు వేళ్ళు దూరితే సరే, మూడు దూరితే ఆ బూటు పక్కకే. పొర మళ్ళీ పెట్టి బకిల్స్ బిగించాక మోకాళ్ళు వంచమన్నాడు. నిటారుగా నిలబడితే బూటు ముందు గోడకు తగులుతున్న వేళ్ళు, మోకాలు వంచగానే వెనక్కి జరిగాయి. మడమ ఇసుమంత కూడా లేవలేదు. మా బామ్మర్ది థర్మల్ ప్యాంటు అంచు బూటులోకి దోపుకుంటే దాన్నీ బయటికి లాగించాడు. ఆ మడత పిక్క ముందు ఎముకకు నొక్కుకుని సాయంత్రానికి పుండు చేస్తుంది. నా షాపులో పెళ్ళికొడుకులకు కూడా నేనింత ఓపికగా చెప్పులు తొడగను.

తర్వాత ఒక్కొక్కరి బరువు అడిగాడు. పడ్డప్పుడు స్కీ కాలి నుంచి ఊడిపోవాలి, లేకపోతే మోకాలు మెలిపడుతుంది. ఎంత ఒత్తిడికి ఊడాలో బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, మన అనుభవం చూసి, బూటును స్కీకి పట్టి ఉంచే క్లిప్పును స్క్రూతో బిగిస్తారు. లెక్చరర్ సార్ మా ముందు మొహమాటపడి పది కిలోలు తగ్గించి చెప్పాడు. పెద్దాయన ఆయన్ని కింది నుంచి పైదాకా చూసి నవ్వి, స్క్రూడ్రైవర్ ఇంకో చుట్టు తిప్పాడు. మొదటి షాపులో ఈ ప్రశ్నే రాలేదు.

స్కీలు, బూట్లు, కర్రలు కలిపి రోజుకి మనిషికి వెయ్యి తీసుకున్నాడు. ఆ పనితనానికి చాలా తక్కువ. బామ్మర్ది అక్కడి కోచ్‌తో పిల్లల వాలు మీద ఉండిపోయాడు. మన హన్మకొండ పద్మాక్షి గుట్టలో సగం కూడా ఉండదది. మేం ముగ్గురం గండోలాలో (తీగల మీద నడిచే కేబుల్ కారులో) మొదటి దశ ఆగే కోంగ్‌డూరి దాకా పోయి, చెట్ల మధ్య నుంచి దిగాం. రెండో దశ అఫర్వత్ కొండ మీద దాదాపు 3,950 మీటర్లకు తీసుకెళ్తుంది. దోస్తుకి పోవాలనే ఉంది కానీ నేను వద్దన్నా. 2023 ఫిబ్రవరిలో ఆ కొండ మీదే మంచు చరియ విరిగిపడి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. మాలాంటి సెలవు స్కీయర్లకు కోంగ్‌డూరి చాలు. సాయంత్రం దాకా కాళ్ళు అలిసాయి తప్ప ఎక్కడా ఒరుసుకోలేదు.

ఇక లోపాలు. హెల్మెట్‌కి వేరుగా డబ్బులు తీసుకున్నారు, పైగా లోపలి స్పాంజి నిన్నటివాళ్ళ చెమటతో ఇంకా తడిగానే ఉంది. కళ్ళద్దాల మీద గీతలున్నాయి. తాజా మంచు ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాల్లో 80 శాతం దాకా తిప్పి మొహానికే కొడుతుంది, కాబట్టి గాగుల్స్, సన్‌స్క్రీన్ ఇంటి నుంచే పట్టుకెళ్ళడం నయం. డిపాజిట్ కింద అసలు ఆధార్ కార్డు అడగడం కూడా నచ్చలేదు. జర గట్టిగా మాట్లాడితే లైసెన్సు జిరాక్స్‌కి ఒప్పుకున్నాడు. తిరిగిచ్చేటప్పుడు మాత్రం పేచీ పెట్టలేదు. అయినా తీసుకునేటప్పుడే స్కీల అడుగు భాగం, అంచులు ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి.