ఎండాకాలంలో పిల్లలతో ఊటీకా, అరకుకా?

హైదరాబాద్ ఎండ తట్టుకోలేక పోయేటోళ్లు ముందు చూసేది చల్లదనమే గదా, అందులో ఊటీకి పోటీ లేదు. 2,240 మీటర్ల ఎత్తు, మే నెలలో కూడా సాయంత్రమైతే స్వెట్టర్ వేసుకోవాల్సిందే. అరకు 900 మీటర్లే, పొద్దున్న బాగుంటది గానీ మధ్యాహ్నం ఎండ గట్టిగనే తగుల్తది.

కానీ పిల్లలకి ఏం దొరుకుతది అంటే నా ఓటు అరకుకే. బొర్రా గుహల్లో మెట్లు దిగుతుంటే పైనుంచి నీటి చుక్కలు మెడ మీద పడతాయి, రంగు లైట్లలో రాళ్లు చూసి ఒకడు ఏనుగంటాడు ఇంకోడు శివలింగమంటాడు, బయటికొస్తే కోతులు చేతిలో చిప్స్ ప్యాకెట్ గుంజుకుపోతాయి (దాచుకోండి). చాపరాయి దగ్గర నీళ్లలో ఆడుకోవచ్చు, రాళ్లు నున్నగా జారుతయ్, చెయ్యి వదలొద్దు. ఇంక బొంగు చికెన్ సరే సరి.

ఊటీలో బోటింగు, 1848లో పెట్టిన బొటానికల్ గార్డెన్, దొడ్డబెట్ట శిఖరం, అన్నీ ఉన్నయ్, జనం కూడా అట్లనే ఉంటరు, బోటు కోసం క్యూలోనే సగం పూట పోతది. టాయ్ ట్రైన్ మాత్రం వేరే లెవెల్, మెట్టుపాళయం నుంచి 46 కిలోమీటర్లు ఎక్కడానికి దాదాపు ఐదు గంటలు, కున్నూరు దాకా స్టీమ్ ఇంజినే. చిన్నపిల్లలు అంతసేపు కూర్చోరు, ఊటీ నుంచి కిందికి వచ్చేటప్పుడు ఎక్కండి, మూడున్నర గంటల్లో అయిపోతది. సొంత కారులో పోతే ఈ-పాస్ (బండి పోనీకి ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి) సంగతి ముందే చూస్కోండి.

అరకుకైతే రాత్రి రైలెక్కి వైజాగ్‌లో దిగి అక్కడినుంచి పైకి పోవుడే, నాలుగు రోజుల సెలవుంటే చాలు.