గాంగుల పాఠానికి ఏది మేలు: నోట్సా, శాసనమా, ముఖలింగం ప్రయాణమా?

శ్రీకాకుళం, విజయనగరం డిగ్రీ కాలేజీల్లో కొత్తగా చేరిన చరిత్ర లెక్చరర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల పాఠం వచ్చేసరికి నోట్సు చెప్పి ముందుకు పోవాలా, తరగతిలోనే శాసనం చదివించాలా, బస్సు మాట్లాడి వాళ్ల కాలం నాటి గుళ్లున్న ముఖలింగం తీసుకెళ్లాలా?

నోట్సుని తీసిపారేయలేం. పరీక్ష దాని మీదే నడుస్తుంది. వజ్రహస్తుడు, రాజరాజు, చోడగంగ అనే గాంగ రాజుల వరస తెలియకుండా శాసనం చేతికిస్తే అందులోని పేర్లను ఎక్కడ పెట్టుకోవాలో విద్యార్థికి తోచదు. అయితే నోట్సులో "చోడగంగ పట్టాభిషేకం 1078" అని ఉంటుంది. ఆ 1078 ఎక్కణ్ణుంచి వచ్చిందో డిగ్రీ అయిపోయినా తెలియదు. నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఇదే: విద్యార్థి తేదీని రాసుకున్నాడా, లెక్కకట్టాడా?

చోడగంగ విశాఖపట్నం రాగిరేకుల్లో ఆ సంవత్సరం మాటల్లో ఉంటుంది: నంద, రంధ్ర, గ్రహ. నందులు తొమ్మిది మంది, దేహరంధ్రాలు తొమ్మిది, గ్రహాలు తొమ్మిది. అంటే శక సంవత్సరం 999. ఇలాంటి అంకెల్ని మామూలుగా వెనక నుంచి చదవాలి. ఇక్కడ మూడూ తొమ్మిదులే కాబట్టి ఆ చిక్కు లేదు, మొదటి పాఠానికి ఇంతకన్నా మంచిది దొరకదు. ఇంగ్లీషు సంవత్సరం కోసం చాలామంది 78 కలిపి 1077 అంటారు. సూర్యుడు కుంభంలో ఉన్నాడన్న మాట అప్పుడు చూపించాలి. కుంభమాసమంటే ఫిబ్రవరి ప్రాంతం. శక సంవత్సరం మారేది చైత్రంలో, ఇంగ్లీషు సంవత్సరం అప్పటికే మారిపోయింది. కాబట్టి 79 కలపాలి.

ఆ తరవాత అంక సంవత్సరాలు, అంటే కొన్ని అంకెలు వదిలేసి రాజు పాలనా సంవత్సరాలు లెక్కపెట్టే పద్ధతి. 1 ఉండదు, 6తోనూ సున్నాతోనూ ముగిసే అంకెలుండవు, 10 మాత్రం ఉంటుంది. కాబట్టి 19వ అంకం నిజానికి 16వ ఏడు. ఇది తెలియకపోతే రాజుల పాలనాకాలాలు లేనిపోని ఏళ్లు సాగిపోతాయి.

చరిత్రను ఎలా చదువుతారో పరిశోధించిన అమెరికన్ సామ్ వైన్‌బర్గ్ 1991లో 8 మంది చరిత్రకారుల చేత, 8 మంది హైస్కూలు విద్యార్థుల చేత ఒకే పత్రాలు చదివించాడు. చరిత్రకారులు ముందు ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని చూశారు. పిల్లలు మొదటి వాక్యం నుంచి చివరిదాకా పాఠ్యపుస్తకంలా చదువుకుపోయారు. నోట్సు ఎంత బాగా చెప్పినా ఆ అలవాటు మారదు.

చేసే పద్ధతి పెద్దదేమీ కాదు. దక్షిణ భారత శాసనాల (సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్) ఐదో సంపుటంలో ముఖలింగం, శ్రీకూర్మం గుళ్ల శాసనాలున్నాయి. ఎనిమిది పది వరసల తెలుగు దాన శాసనం ఒకటి తీసి, పైనున్న శీర్షిక, తేదీ కొట్టేసి, జిరాక్సు ఇవ్వండి. ఎవరు, ఎవరికి, ఏమి, ఎప్పుడు, ఏ రాజు కాలంలో: ఈ ఐదూ పది నిమిషాలు ఎవరికి వారే వెతకాలి. తరవాత నలుగురేసి కూర్చుని ఇరవై నిమిషాలు. మీరు మాట్లాడేది చివరి ఇరవై నిమిషాల్లోనే. ముందే అర్థం చెప్పేస్తే అది మళ్లీ నోట్సే అవుతుంది.

పాడయ్యేది ఎక్కడంటే, "ధర్మ్మ", "పూర్వ్వ" లాంటి రాతలు చూసి అచ్చుతప్పులనుకుని దిద్దేస్తారు. రేఫ (ర్) తరవాత హల్లును రెట్టించడం ఆనాటి రాత పద్ధతి. "స్వదత్తాం పరదత్తాం వా" శ్లోకం చూసి ఆ ఊళ్లో ఎవరో దేవుడి భూమి కాజేశారని రాస్తారు. అది చాలా దాన శాసనాల చివర వచ్చే మామూలు శాపవాక్యం. శక 1203 నాటి, మధ్వ సన్యాసి నరహరితీర్థుల శ్రీకూర్మం శాసనం గొప్పదే గానీ, సంస్కృత శ్లోకాల్లో గురుపరంపరతో నడుస్తుంది, పీజీకి ఉంచుకోండి. ఐదు యూనిట్ల పేపరుకు యూనిట్‌కి ఒక శాసనం చాలు. అంతకు మించితే సిలబస్ పూర్తవదు.

ఇక ప్రయాణం. వంశధార ఒడ్డున మధుకేశ్వరుణ్ణి, భీమేశ్వరుణ్ణి, సోమేశ్వరుణ్ణి చూస్తే కలిగే ఉత్సాహం ఏ తరగతిలోనూ కలగదు. కానీ ముందుగా వెళ్తే అది విహారయాత్రే. పాత లిపి చదవలేరు, ఫొటోలు దిగుతారు. అచ్చులో చదివిన శాసనాన్నే చేతిలో పట్టుకుని శ్రీకూర్మం మండపంలో అది చెక్కిన స్తంభాన్ని వెతకమంటే ఒక్కో అక్షరం దగ్గర ఆగుతారు. పక్కనుంచి టార్చి వేస్తే గాట్లు తేలతాయి. సుద్దపొడి, నూనె రాయనివ్వొద్దు.

పీపీటీలు, యూట్యూబు వీడియోలు కరెంటున్న రోజు మ్యాపు చూపించడానికి పనికొస్తాయి.

నన్నడిగితే పావుగంట నోట్సు, వెంటనే శాసనం, సెమిస్టర్ చివర ప్రయాణం. బస్సుకి డబ్బుల్లేకపోతే మూడోది వదిలేయండి, రెండోది మాత్రం వదలొద్దు.