రోజూ అరగంటా, వారానికోసారి లాంగ్ రైడా?

సరదాగా సైకిల్ ఎక్కినవాళ్లకు కొన్నాళ్లకే వంద కిలోమీటర్లు తొక్కాలనిపిస్తుంది. అందుకు రోజూ అరగంట గట్టిగా తొక్కాలా, వారానికోసారి గంటల తరబడి నింపాదిగా తొక్కాలా?

రోజువారీ తొక్కుడుతో దమ్ము పెరుగుతుంది, ఎత్తులెక్కే బలం త్వరగా వస్తుంది. ఉద్యోగస్తులకు టైమ్ కూడా కలిసొస్తుంది.

కానీ అరగంటలో కనిపించని ఇబ్బందులు మూడో గంటలో బయటపడతాయి. సీటు ఎత్తు తక్కువైతే మోకాలి ముందుభాగం నొప్పి పెడుతుంది. హ్యాండిల్‌ను ఒకేచోట పట్టుకుంటే చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారతాయి. తిండి సంగతీ అంతే. ఒంట్లోని గ్లైకోజెన్ (కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం) నిల్వ రెండు గంటలకు అటూ ఇటూగా అడుగంటుతుంది. ఆకలి వేసేదాకా ఆగితే కాళ్లు ఉన్నట్టుండి మొరాయిస్తాయి. అందుకే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాలు తొక్కుతూనే తినడం పొట్టకు అలవాటు చేయాలి. వేగం గురించి టెన్షన్ వద్దు. ఆయాసపడకుండా పక్కవాళ్లతో మాట్లాడగలిగితే చాలు.

దూరమే లక్ష్యమైతే నా ఓటు లాంగ్ రైడ్‌కే. వారం మధ్యలో రెండు చిన్న రైడ్లు మాత్రం మానొద్దు. దూరాన్ని కొద్దికొద్దిగానే పెంచండి, దమ్ము పెరిగినంత త్వరగా మోకాళ్లు అలవాటుపడవు.