గస్తీకి ఏది మేలు: తెరచాప పడవా, మోటారు పడవా?

1942లో జర్మన్ జలాంతర్గాముల మీద నిఘాకు అమెరికా కోస్ట్‌గార్డ్ తూర్పు తీరంలోని విహార పడవలను గస్తీకి తీసుకుంది. ఈ సంగతి ఎప్పుడు ప్రస్తావించినా పాఠకుల నుంచి వచ్చే ప్రశ్న ఒకటే: మోటారు పడవలు ఉండగా తెరచాప పడవలెందుకు?

వేగంలో మోటారు పడవదే పైచేయి, సందేహం లేదు. తీరానికి దగ్గరగా, రేవు ముఖద్వారాల్లో కాపలాకు అదే సరైనది. అయితే ఈ గస్తీ పని జలాంతర్గామిని తరమడం కాదు. నీటిపైన అది 17 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.) వేగంతో పోగలదు, ఫిరంగి కూడా ఉంటుంది. దాన్ని చూడగానే రేడియోలో కబురు చెప్పాలి, అది భయపడి మునిగేలా చేయాలి. మునిగాక దాని వేగం ఏడెనిమిది నాట్లు దాటదు, అదీ బ్యాటరీ ఉన్నంతసేపే. పది నాట్ల సరుకు ఓడను కూడా అందుకోలేదు.

కాబట్టి నా లెక్కలో తేల్చేది ఒక్కటే: తీరానికి దూరంగా ఎన్ని రోజులు నిలవగలదు? మోటారు పడవ పెట్రోలు అయిపోకముందే వెనుదిరగాలి. పైగా చమురు ఓడలు మునిగిపోతుండటంతో ఆ మే నెలలోనే తూర్పు తీరంలో పెట్రోలుకు రేషన్ పెట్టారు. తెరచాప పడవకు గాలి చాలు. ప్రొపెల్లర్ చప్పుడు ఉండదు కనుక జలాంతర్గామిలోని హైడ్రోఫోన్లకు, అంటే నీటిలో చప్పుడు వినే పరికరాలకు దొరకదు. రాత్రిపూట నీటిపైకి వచ్చిన జలాంతర్గామి డీజిల్ ఇంజన్ల మోత మాత్రం పడవలోని వాళ్లకు వినిపిస్తుంది. ఈ మాట నేను ఎంత నొక్కి చెప్పినా తక్కువే.

చేపల ట్రాలర్లు దృఢమైనవే, కానీ వాటి ఇంజన్ మోత దాగదు.

తెరచాపకూ హద్దుంది, అది చలికాలం. 1942 డిసెంబరు తుఫానులో ‘జైదా’ అనే పడవ తెరచాపలు దెబ్బతిని మూడు వారాల పాటు అట్లాంటిక్‌లో కొట్టుకుపోయి, నార్త్ కరోలినా తీరం దగ్గర దొరికింది. అందులోని తొమ్మిది మందీ బతికారు. అడుగున బరువు కట్టిన ఆ పడవ ఒరిగినా మళ్లీ లేస్తుంది. అదే తుఫానులో ఇంజన్ ఆగిన విహార మోటారు పడవైతే అన్నాళ్లు తేలి ఉండేదని నేను నమ్మను.

వేసవిలో, తీరానికి దూరంగా గస్తీ అంటే నేను తెరచాపనే ఎంచుకుంటాను. డిసెంబరులో ఆ నీళ్లలోకి ఈ రెండింటినీ పంపకూడదు.