తుక్కు సామాన్లతో కట్టిన రాలీ సైకిల్: కొన్నేళ్లు తొక్కాక నా మాట

పాత ఇంగ్లీషు సైకిల్‌ని మళ్లీ రోడ్డెక్కించాలంటే మన దేశంలో ఉండటం పెద్ద అదృష్టం. కారణం రిమ్ము. బ్రిటిష్ రోడ్‌స్టర్లకు, అంటే నిటారుగా కూర్చుని తొక్కే ఆ బరువైన సైకిళ్లకు, ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. ఈ 40 బొక్కల రిమ్ము కోసం ఇంగ్లండ్‌లో వెతుక్కోవాల్సి వస్తుంది. ఇక్కడ మామూలు సైకిల్ షాపులో అడిగినా లూధియానా సరుకు తీసిస్తారు. మన నల్ల సైకిళ్లది ఇప్పటికీ అదే కొలత మరి.

నా సైకిల్ ఇంగ్లండ్‌కి చెందిన రాలీ కంపెనీది. ఫ్రేము హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో దొరికింది. ముందు భాగంలో రాలీ గుర్తయిన కొంగ బొమ్మ, నాటింగ్‌హామ్ అన్న పేరు ఉన్న బిళ్ల. పెద్ద పళ్లచక్రంలో చెక్కిన కొంగ తలలు కూడా చెక్కుచెదరలేదు. అవి చూశాక వదల్లేకపోయాను. అయినా డబ్బులిచ్చే ముందు దారం పరీక్ష చేశాను. హ్యాండిల్ గొట్టం చుట్టూ దారం తిప్పి, రెండు కొసలూ వెనక యాక్సిల్ కూర్చునే చోటికి లాగి కట్టాలి. సీటు గొట్టానికి దారం రెండు వైపులా సమాన దూరంలో ఉంటే ఫ్రేము వంగనట్టే. హ్యాండిల్ గొట్టం వెనక, కింద భాగాన పెయింటు ముడత పడి ఉంటే మాత్రం కొనొద్దు. ఎప్పుడో దేన్నో గుద్దిన బండి అది.

రాలీతో అసలు చిక్కు బీబీ (బాటమ్ బ్రాకెట్) దగ్గర, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే చోట. అక్కడ బాల్స్ కూర్చునే మరల గిన్నెల్ని కప్పులంటారు. మిగతా ఇంగ్లీషు కంపెనీల కప్పులకు అంగుళానికి 24 థ్రెడ్లుంటే రాలీ తన సొంతంగా 26 పెట్టుకుంది. బజార్లో దొరికే కప్పు పట్టదు. బలవంతంగా ఎక్కిస్తే ఫ్రేమే పాడవుతుంది. అందుకే పాత కప్పులు బాగున్న ఫ్రేమునే ఎంచుకోండి. నేను పాతవే ఉంచి, పావు అంగుళం బాల్స్ వైపుకు 11 చొప్పున కొత్తవి వేయించాను. ఇప్పటికీ చప్పుడు లేదు.

ఈ సైకిల్‌కి ప్రాణం వెనక చక్రం మధ్యలోని హబ్బు. స్టర్మీ ఆర్చర్ కంపెనీ ఏడబ్ల్యూ మోడల్, మూడు గేర్లు, పైన 62 అని అచ్చు ఉంది, అంటే 1962లో తయారైంది. గేర్లన్నీ హబ్బు లోపలే ఉంటాయి కాబట్టి దుమ్ము, వాన నీళ్లు వాటి జోలికి పోవు. మధ్య గేరు నేరుగా తిరుగుతుంది. కింది గేరు దానికన్నా పావు వంతు తేలిక, పై గేరు మూడో వంతు బరువు. వెనక పళ్లచక్రం 18 పళ్ల నుంచి 22 పళ్లకు మార్చాక ఫ్లైఓవర్లు కూర్చునే ఎక్కుతున్నాను. అప్పుడప్పుడు నాలుగు చుక్కల పల్చటి మెషిన్ ఆయిల్ పోస్తే చాలు, గ్రీజు కుక్కకండి. కేబుల్ సర్దుబాటు మాత్రం అశ్రద్ధ చేయొద్దు. అది తప్పితే రెండు, మూడు గేర్ల మధ్య పట్టు వదిలేసి పెడల్ ఒక్కసారిగా ఖాళీగా తిరుగుతుంది. నిలబడి తొక్కేటప్పుడు అలా జరిగితే పడిపోతాం.

నాకు నచ్చనిది బ్రేకులు. కేబుల్ బదులు ఇనుప కడ్డీలతో పనిచేసే రాడ్ బ్రేకులు చూడ్డానికి ఎంత అందమో, వానలో అంత టెన్షన్. ఇనుప రిమ్ము తడిస్తే రబ్బరు పట్టదు. లెదర్ అతికించిన ప్యాడ్లతో కొంత మెరుగు, అంతే. వాన పడితే మెల్లగా వెళ్తాను, బస్సుల వెనక దగ్గరగా పోను. రోజూ ట్రాఫిక్‌లో తొక్కేవాళ్లు ఈ ఒక్క విషయం బాగా ఆలోచించుకోవాలి.

పెడల్ చేతిని ఇరుసుకు బిగించే కాటర్ పిన్నులు కూడా విసిగించాయి. మొదట కొన్న కొత్తవి మెత్తటి ఇనుము, నెలలు తిరక్కుండానే అరిగి పెడల్ కటకటలాడింది. పాత తుక్కులోంచి ఏరిన గట్టి పిన్నులను ఆకురాయితో సరిచేసి కొట్టించాక ఆ బాధ పోయింది. సీటు చట్రం పాతదే, దాని మీద తోలు మాత్రం, చెప్పులు కుట్టే ఆయన కొత్తగా బిగించి ఇచ్చారు. తడవకుండా చూసుకుంటే హాయిగా ఉంటుంది.

మొత్తం సుమారు 12 వేలు అయింది. బండి బరువు 20 కిలోలకు దగ్గర, మూడో అంతస్తుకు మోసుకెళ్లేవాళ్లకు నేను చెప్పను. నా పాత గేర్ల సైకిల్ ఇప్పుడు మా తమ్ముడి దగ్గరుంది. మార్కెట్‌కి, లైబ్రరీకి, పొద్దున్నే చెరువు చుట్టూ తిరగడానికి నేను దీన్నే తీస్తున్నాను.