మిర్చి ధరకు వార్తల యాప్‌ను నమ్ముకోవచ్చా? ఒక సీజన్ వాడాక నా రివ్యూ

మాది నర్సంపేట వైపు ఊరు. మూడెకరాల మిర్చి, మిగతాది పత్తి. సరుకును వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు ఏ రోజు తోలాలన్నది ఇప్పుడు మా ఇంట్లో ఫోన్ చూసే తేలుతోంది. బాపు చదువుకోలేదు, ఫోన్ నా చేతిలో ఉంటుంది. అందుకే ధరల విషయంలో ఏ వార్తను ఎంతవరకు నమ్మాలన్నది నాకు చిన్న విషయం కాదు. ట్రాలీ కిరాయి, హమాలీ కూలి, యార్డులో ఒక రాత్రి, ఇవన్నీ పెట్టుకుని పోయాక ధర నచ్చలేదని సరుకు వెనక్కి తెచ్చుకునే రైతు ఎవరుంటారు?

నేను రాస్తున్నది మూడు నాలుగు లైన్లలో వార్త చెప్పే ఒక యాప్ గురించి. మండలం ఎంచుకుంటే ఆ మండలం వార్తలే వస్తాయి. ఇలాంటివి చాలా ఉన్నాయి, అన్నింటి తీరూ ఇంచుమించు ఒకటే కాబట్టి పేరు రాయడం లేదు.

ముందు మంచి చెప్తాను. మార్కెట్‌కు సెలవులు ఎప్పుడెప్పుడు, సొసైటీకి యూరియా లారీ వచ్చిందా లేదా, వాగు పొంగి ఏ రోడ్డు మూశారు, ఇలాంటివి ఈ యాప్‌లో వచ్చినంత తొందరగా ఇంకెక్కడా రావు. నేను చూసినంతవరకు తప్పు కూడా పోలేదు. కారణం ఉంది. రాసే మనిషి ఆ మండలంలోనే ఉంటాడు, కళ్లతో చూసి రాస్తాడు. తప్పు రాస్తే సాయంత్రానికల్లా ఊళ్లో పదిమంది పట్టుకుని అడుగుతారు. ఈ పనికి యాప్ ఉంచుకోవచ్చు.

ధరల దగ్గరికొస్తే మాత్రం కథ వేరు. "వరంగల్‌లో మిర్చి క్వింటా రూ.13,800" అని వచ్చేది. అంతే. అది ఏ రకమో, తేజనా, వండర్ హాటా, 341నా, రాసేవాళ్లు కాదు. ఏ తేదీదో ఉండేది కాదు, "6 గంటల క్రితం" అని మాత్రం ఉండేది. అది వార్త పెట్టిన టైమే, ధర పలికిన టైము కాదు. దేశీ రకం, చపాటా రకం తేజకు రెట్టింపు పలికిన సీజన్లు ఉన్నాయి. రకం పేరు లేకుండా "మిర్చి ధర" అంటే ఏమని అర్థం చేసుకోవాలి?

పోయిన సీజన్‌లో ఆ 13,800 చూసే మా తేజ బస్తాలు తోలాం. తక్‌పట్టీ (అమ్మిన సరుకుకు రాసిచ్చే చీటీ) చేతికొచ్చేసరికి దానిమీద ధర 11,400. బాపు అడ్తి దుకాణంలోనే (కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే చోట) నిలబడిపోయాడు. "ఫోన్ల ఒకటి, కాంటా కాడ ఒకటి, ఏంది బిడ్డా ఇది?" అని నన్నడిగాడు. అడ్తిదారు కోపం తెచ్చుకోకుండా చెప్పాడు: "అన్నా, నువ్వు చూసింది జెండా పాట. నీ కాయల తేమ ఉంది, తాలు (రంగుపోయిన కాయ) కూడ కలిసింది."

జెండా పాట అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. పొద్దున కొనుగోళ్లు మొదలయ్యేటప్పుడు అందరి ముందు ఒక మేలైన లాటును పాట పెడతారు. దానికి పలికిన ధరే జెండా పాట. ఆ తర్వాత ఖరీదుదారులు ఒక్కో లాటు దగ్గరికి వచ్చి, బస్తాలోంచి కాయ తీసి, తుంచి, రంగు చూసి, తేమ చూసి ధర కడతారు. జెండా పాట ధర ఆ రోజు యార్డుకు వచ్చిన సరుకులో కొద్దిదానికే దక్కుతుంది. యాప్ వేసిన అంకె అబద్ధం కాదు, యార్డులో నిజంగానే ఆ ధర పలికింది. కానీ అది అందరి ధర కాదన్న ఒక్క ముక్క రాయకపోవడం వల్లే మాలాంటివాళ్లు మునుగుతున్నారు. అబద్ధపు వార్తనైతే పట్టుకోవచ్చు. సగం నిజాన్ని పట్టుకోవడమే కష్టం.

కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ వెబ్‌సైట్‌లో కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర విడివిడిగా ఉంటాయి. మోడల్ అంటే ఎక్కువ సరుకు అమ్ముడైన ధర, మనకు కావలసింది అదే. ఆ వెబ్‌సైట్ చూడ్డానికి ఏమంత బాగుండదు, కొన్ని రోజుల వివరాలు ఆలస్యంగా వస్తాయి. అయినా నేను ముందు దాన్నే చూస్తాను. యాప్‌వాళ్లు ఆ మూడు అంకెలూ అక్కడినుంచి తీసుకుని వేసినా చాలు, రైతుకు ఎంత మేలో.

యూట్యూబ్ చానెళ్లు కూడా ఇదే పని చేస్తున్నాయి. కొందరు యార్డులోనే నిలబడి, రకం పేరు, తేదీ చెప్పి, తక్‌పట్టీని కెమెరా ముందు పెడతారు. వాళ్ల మాట వింటాను. వీడియో మధ్యలో ఫలానా విత్తనం వేయండి, ఫలానా మందు కొట్టండి అని మొదలుపెట్టినవాళ్లను పక్కన పెడతాను. డబ్బులు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలిశాక ధర గురించి వాళ్లు చెప్పేది ఎట్లా నమ్మను?

యాప్ మీద నాకు అసలు కోపం వచ్చింది ఇంకో వార్తతో. 2025 ఫిబ్రవరిలో ధరలు పడిపోయి రైతులంతా టెన్షన్‌లో ఉన్నప్పుడు "మిర్చికి రూ.11,781, కేంద్రం నిర్ణయం" అని వచ్చింది. ఊళ్లో అందరూ పంపుకున్నారు. మా కాకా అయితే కొనుగోలు కేంద్రం ఎక్కడ పెడతారో కనుక్కొమ్మని నాకు ఫోన్ చేశాడు. కేంద్రం ప్రకటన తీసి చదివితే అది మార్కెట్ ఇంటర్వెన్షన్ పథకం (ధరలు పడిపోయినప్పుడు ప్రభుత్వం కల్పించుకునే పథకం) కింద ఆంధ్రప్రదేశ్ రైతుల కోసం, 2.58 లక్షల టన్నుల వరకు ఇచ్చిన అనుమతి. తెలంగాణకు కాదు. అసలు పత్తికి, వరికి ఉన్నట్టు మిర్చికి కనీస మద్దతు ధరే లేదు. ఈ సంగతి తెలిసిన విలేకరి ఎవరైనా ఆ హెడ్డింగ్ పెట్టేముందు ఒక్కసారి ఆగేవాడు.

ఒక దినపత్రిక వెబ్‌సైట్ కూడా మొదట అలాగే రాసింది. కానీ తర్వాత "ఇది ఆంధ్రప్రదేశ్‌కు మాత్రమే" అని సవరణ వేసి, ముందు రాసింది తప్పని చెప్పింది. యాప్ ఆ వార్తను చడీచప్పుడు లేకుండా తీసేసింది. చదివి నమ్మినవాళ్లకు అది తప్పని ఎవరు చెప్పాలి? అప్పటినుంచి ఏ చానెల్‌ను చూసినా, ఏ వెబ్‌సైట్‌ను చూసినా, తప్పు పోయినప్పుడు ఏం చేశారన్నదే ముందు చూస్తున్నాను. పెద్ద సంస్థా, చిన్న సంస్థా అన్నది ఆ తర్వాతే.

వాన వార్తలకూ ఈ యాప్ పనికిరాదు. "రెడ్ అలర్ట్" అని రాస్తారు, ఏ జిల్లాకో ఏ తేదీకో ఉండదు. కల్లంలో కాయ ఆరబోసి ఉన్నప్పుడు అలాంటి వార్త వస్తే ఇంటిల్లిపాదీ పట్టాలు పట్టుకుని పరుగెత్తుతాం. హైదరాబాద్ వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా, రోజువారీగా పసుపు, నారింజ, ఎరుపు రంగులతో ఇచ్చే పటం ఉచితంగానే దొరుకుతుంది. దాన్ని సూటిగా చూసుకోవడమే మేలు.

యాప్‌లో అభిప్రాయాలు రాసే చోట రకం పేరు, తేదీ, మోడల్ ధర వేయమని రాశాను. జవాబు ఇచ్చారు, అది మెచ్చుకోవాలి. ఇప్పుడు ధరల వార్త కింద తేదీ కనిపిస్తోంది. రకం పేరు ఒకరోజు ఉంటే ఒకరోజు ఉండదు. మోడల్ ధర ఇంకా రాలేదు. ఊరి వార్తలకు ఐదుకు నాలుగు ఇస్తాను, ధరలకు ఒకటి. జెండా పాట పక్కన మోడల్ ధర కూడా వేసిన రోజు ఈ మార్కులు మారుస్తాను.